నేల ఐసోపాడ్‌లపై ప్రయోగాలు: సేకరణ నుంచి విశ్లేషణ దాకా సమగ్ర మార్గదర్శి

పూలకుండీల అడుగున, ఇటుకల కింద, కుళ్ళుతున్న ఆకుల పొరల్లో బూడిదరంగు పిల్‌బగ్‌లు కనిపిస్తాయి. వీటినీ, వీటి దగ్గరి బంధువులైన వుడ్‌లైస్‌నూ చాలామంది కీటకాలని అనుకుంటారు. నిజానికి ఇవి రొయ్యలు, పీతలు ఉన్న క్రస్టేషియన్ల వర్గానికి చెందిన ఐసోపాడ్‌లు. గుడ్లు పెట్టడానికి కూడా నీటికి తిరిగి వెళ్ళకుండా జీవితమంతా నేలమీదే గడపగలిగిన క్రస్టేషియన్లలో ఇంత విస్తారమైన సమూహం మరొకటి లేదు. శాస్త్రజ్ఞులు ఇప్పటికి 3,700కు పైగా జాతులను వర్ణించారు. అయితే నేలమీదికి వచ్చినా వీటి శరీరం నీటి బంధాన్ని పూర్తిగా తెంచుకోలేదు. ఒకప్పుడు మొప్పలుగా పనిచేసిన ఉదరపు పలకలతోనే ఇవి ఊపిరి పీలుస్తాయి, పైగా కీటకాల ఒంటిపై ఉండే సమర్థమైన మైనపు పూత వీటికి లేదు. నడక, దాక్కోవడం, గుంపుకట్టడం, పిల్లలను మోయడం వంటి ఏ లక్షణాన్ని పరిశీలించినా చివరికి నీటిని కాపాడుకోవడమనే సమస్య దగ్గరికే వస్తాం. ఈ మార్గదర్శిలోని ప్రయోగాలన్నీ ఆ సమస్య చుట్టూనే అల్లుకుని ఉన్నాయి.

ఇంటర్మీడియట్, డిగ్రీ విద్యార్థులనూ, వారికి ప్రాజెక్టులు చేయించే అధ్యాపకులనూ దృష్టిలో పెట్టుకుని దీన్ని రాస్తున్నాను. పరికరాలలో ఖరీదైనది ఒక మిల్లీగ్రాము దాకా తూచగల తక్కెడ ఒక్కటే, అది కూడా ఒకే ఒక్క ప్రయోగానికి కావాలి. మిగిలిన పనులకు ప్లాస్టిక్ డబ్బాలు, అట్టముక్కలు, భూతద్దం, చిన్న డిజిటల్ ఆర్ద్రతామాపకం సరిపోతాయి. కష్టం పరికరాలలో లేదు. దేన్ని కొలుస్తున్నామో స్పష్టంగా తెలుసుకుని కొలవడంలో ఉంది. అందువల్ల పొరపాట్లు దొర్లే చోట్ల కొంత ఎక్కువసేపు ఆగి వివరిస్తాను.

మొదటి అడుగు: జీవిని గుర్తించి సేకరించడం

తెలుగు ప్రాంతాలలో వీటిని వెతకడానికి వానాకాలం, ఆ తరువాతి నెలలు అనువైనవి. వేసవిలో ఇవి మట్టి పగుళ్ళలోకి, లోతైన తేమలోకి దిగిపోతాయి. ఎరువు గుంటల అంచులు, కొబ్బరి డొక్కల కుప్పలు, నరికిన అరటి బొదెలు, నీరు పెట్టే మొక్కల మొదళ్ళు ముందుగా చూడవలసిన చోట్లు. పురుగుమందులు చల్లిన పొలాల గట్ల నుంచి సేకరించవద్దు, ఎందుకంటే ఆ మందుల అవశేషాలు వాటి కదలికను మార్చివేయగలవు, ఆ మార్పు మీ కంటికి కనిపించదు. రక్షిత అడవులలో, అభయారణ్యాలలో అటవీశాఖ అనుమతి లేకుండా ఏ జీవినీ సేకరించకూడదు.

ముట్టుకోగానే ఉండలా చుట్టుకునే ప్రతి జీవీ పిల్‌బగ్ కాదు. దక్షిణ భారతంలోని అడవులలో ఆర్థ్రోస్ఫీరా అనే ప్రజాతికి చెందిన రోకలిబండలు కూడా అలాగే చుట్టుకుంటాయి. తేడా తెలుసుకోవడానికి కాళ్ళు చూడాలి. ఎదిగిన ఐసోపాడ్‌కు ఏడు జతల కాళ్ళు, ఖండితానికి ఒక్క జత చొప్పున ఉంటాయి. రోకలిబండకు శరీరంలో ఎక్కువ భాగం ఖండితానికి రెండు జతలు ఉంటాయి. ఐసోపాడ్‌ను వెల్లకిలా తిప్పితే ఉదరం అడుగున అయిదు జతల పలకలు కనిపిస్తాయి. ఆర్మడిల్లిడియం, పోర్సెల్లియో ప్రజాతులలో వీటిలో మొదటి రెండు జతలపై తెల్లటి మచ్చలు స్పష్టంగా తెలుస్తాయి. ఆ మచ్చలే గాలిని పీల్చే ఊపిరితిత్తుల వంటి నిర్మాణాలు. లోపల గాలి నిండిన సన్నని గొట్టాలు ఉండడంవల్ల అవి తెల్లగా కనిపిస్తాయి.

జాతి పేరు రాసేటప్పుడు తొందరపడవద్దు. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే ఆర్మడిల్లిడియం వల్గేర్ మధ్యధరా ప్రాంతం నుంచి మనుషులతోపాటు ప్రపంచమంతా పాకిన జాతి, అందువల్ల చుట్టుకునే ప్రతి ఐసోపాడ్‌కూ ఆ పేరే తగిలించడం అలవాటైంది. ఉష్ణమండలంలో చుట్టుకునే ఐసోపాడ్‌లలో ఆర్మడిల్లిడే అనే వేరే కుటుంబానికి చెందినవి చాలా ఉన్నాయి, క్యుబారిస్ మ్యురినా వాటిలో బాగా వ్యాపించిన ఒక జాతి. చుట్టుకోకుండా వేగంగా పరుగెత్తే, ఒంటిపై లేత బూడిద చల్లినట్లు కనిపించే జాతి అయితే పోర్సెల్లియోనైడ్స్ ప్రూయినోసస్ అయ్యే అవకాశం ఉంది. స్పర్శశృంగం కొసన ఉన్న కొరడా భాగంలో రెండు కీళ్ళున్నాయా మూడున్నాయా అన్నది, మగజీవి ఉదరపు మొదటి పలకల ఆకారం, ఊపిరి మచ్చలు ఎన్ని జతలన్నది కలిపి చూస్తేనే జాతిని నిర్ధారించగలం. అంత నిర్ధారణ సాధ్యం కాకపోతే "చుట్టుకునే ఐసోపాడ్, జాతి నిర్ధారణ కాలేదు" అని రాసి, పైనుంచి, కిందినుంచి తీసిన ఫొటోలు జతచేయండి, కొన్ని నమూనాలను 70 శాతం ఆల్కహాల్‌లో భద్రపరచండి. తప్పుడు పేరుకన్నా ఇది ఎంతో విలువైన నమోదు. ఆ నమూనాలు ఉంటే నిపుణులు తరువాత ఎప్పుడైనా పేరు చెప్పగలరు.

రెండో అడుగు: పెంపకం

వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బాలో మూడు నాలుగు అంగుళాల మందాన తోటమట్టి, కొబ్బరి పొట్టు కలిపి పరచాలి. పైన సగం కుళ్ళిన ఆకులు, రెండు మూడు పెంకు ముక్కలు లేదా చెట్టుబెరడు ముక్కలు ఉంచాలి. డబ్బాలో ఒక వైపున మాత్రమే నీళ్ళు చిలకరించి రెండో వైపును పొడిగా వదిలితే, ఏ క్షణాన ఎంత తేమ కావాలో జీవులే ఎంచుకుంటాయి. మొత్తం తడిపితే బూజు పట్టి, గాలి ఆడక చనిపోతాయి. మూతను బిగించకుండా సన్నని రంధ్రాలు పెట్టడం తప్పనిసరి, ఎందుకంటే ఇవి శరీరంలోని నత్రజని వ్యర్థాన్ని ఎక్కువగా అమ్మోనియా వాయువు రూపంలోనే బయటికి వదులుతాయి. కుళాయి నీటిని ఒక రాత్రి తెరిచి ఉంచి వాడితే క్లోరిన్ తగ్గుతుంది. ఆహారంగా ఆకులు చాలు; వారానికి ఒకసారి క్యారట్ లేదా బంగాళదుంప చెక్క పెట్టవచ్చు. వీటి ఒంటి పెంకులో కాల్షియం కార్బొనేట్ ఎక్కువగా ఉంటుంది కనుక ఉడికించి ఎండబెట్టిన కోడిగుడ్డు పెంకు పొడి వేయడం మంచిది. జీవులను చిమటాతో పట్టుకోకుండా మెత్తని కుంచెతో ఎత్తాలి. ప్రయోగాలు మొదలుపెట్టే ముందు కనీసం ఒక వారం ఈ డబ్బాలో అలవాటు పడనివ్వాలి.

మూడో అడుగు: ప్రయోగానికి పనికివచ్చేవాటిని వేరుచేయడం

ఈ మెట్టును చాలా ప్రాజెక్టులు పూర్తిగా వదిలేస్తాయి, ఫలితాలు గజిబిజి కావడానికి తరచు ఇదే కారణం. ఐసోపాడ్‌లు కుబుసాన్ని రెండు దఫాలుగా విడుస్తాయి. ముందు వెనుక సగం ఊడుతుంది, కొంత వ్యవధి తరువాత ముందు సగం ఊడుతుంది. ఒకేసారి ఒళ్ళంతా మెత్తబడకుండా, నీరు ఒకేసారి ఆవిరైపోకుండా కాపాడే ఏర్పాటు ఇది. కుబుసం విడిచే ముందు పాత పెంకులోని కాల్షియాన్ని కొంత వెనక్కి తీసుకుని, ముందు ఖండితాల అడుగుభాగాన అస్ఫటిక కాల్షియం కార్బొనేట్ నిల్వలుగా దాచుకుంటాయి. వెల్లకిలా తిప్పినప్పుడు ముందు కాళ్ళ మధ్య సున్నపు తెలుపుతో కనిపించే పలకలు ఇవే. ఈ పలకలు ఉన్న జీవి, లేదా ఒంట్లో సగం పాలిపోయి సగం ముదురు రంగులో ఉన్న జీవి కుబుసం పనిలో ఉందని అర్థం. అప్పుడది మందకొడిగా ఉంటుంది, నీటిని మామూలుగా కాపాడుకోలేదు. దాన్ని ప్రయోగంలో చేర్చకండి.

ఆడవి పొట్ట అడుగున పలుచని పలకలతో ఏర్పడే ద్రవం నిండిన సంచిలో గుడ్లను మోస్తాయి. నీటిలో జరగవలసిన పిండాభివృద్ధికి కావలసిన కొలనును తల్లి తన ఒంటిమీదే మోస్తోందన్నమాట. క్రస్టేషియన్లు నేలను గెలుచుకున్న ఉపాయాలలో ఇంతకన్నా అందమైనది నాకు కనిపించలేదు. ఈ సంచి ఉన్న ఆడవాటిని కూడా ప్రవర్తన ప్రయోగాల నుంచి తప్పించి, విడి డబ్బాల్లో ఉంచండి. చివరి మెట్లలో అవి అవసరమవుతాయి. సంచి నుంచి వెలువడే పిల్లలకు ఆరు జతల కాళ్ళే ఉంటాయి. ఏడో జత తరువాతి కుబుసాలలో వస్తుంది. ఆరు జతలే కనిపిస్తే అది కాలు విరిగిన పెద్దజీవి అనుకోకండి.

మగ, ఆడ తేడాను ఇరవై రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో చూడవచ్చు. మగవాటి ఉదరపు మొదటి రెండు జతల పలకల లోపలి భాగాలు సన్నని సూదుల్లా వెనక్కి సాగి ఉంటాయి. ప్రతి జీవి పొడవు, లింగం, సేకరించిన చోటు రాసి, పెంకుపై చిన్న చుక్క నెయిల్ పాలిష్‌తో గుర్తు పెట్టండి. కుబుసంతోపాటు ఆ గుర్తు పోతుందని గుర్తుంచుకుని, దీర్ఘకాల ప్రయోగాలకు విడి డబ్బాలే వాడండి.

నాలుగో అడుగు: ఆర్ద్రత ప్రయోగం

డొనాల్డ్ గన్ 1937లో పోర్సెల్లియో స్కేబర్ అనే వుడ్‌లైస్ జాతి మీద చేసిన పరిశోధన ఈ రంగంలో పునాది వంటిది. పొడి గాలిలో ఇవి ఎక్కువగా కదులుతాయి, తేమ గాలిలో ఆగిపోతాయి. తేమ ఎటువైపు ఉందో తెలుసుకుని అటు నడవనవసరం లేదు. పొడిచోట నడుస్తూ, తడిచోట ఆగుతూ ఉంటే చాలు, కాసేపటికి ఎక్కువ జీవులు తడి వైపే చేరి ఉంటాయి. దిశతో సంబంధం లేకుండా ఉద్దీపన తీవ్రతను బట్టి మాత్రమే కదలిక మారడాన్ని కైనెసిస్ అంటారు. ఉద్దీపన ఉన్న దిశవైపు గానీ దానికి వ్యతిరేక దిశలో గానీ తిరిగి నడవడం టాక్సిస్. ఈ రెండింటినీ వేరుచేసి చూపడమే ఈ ప్రయోగపు సారం. పాఠశాలల్లో సాధారణంగా చేసే పద్ధతి దాన్ని చూపలేదు.

ఆ పద్ధతి అందరికీ తెలిసిందే. ఒక పళ్ళెంలో ఒకవైపు తడి కాగితం, మరోవైపు పొడి కాగితం పరిచి, పది జీవులను మధ్యలో వదిలి, పావుగంటసేపు నిమిషానికోసారి లెక్కపెడతారు. ఇందులో రెండు లోపాలున్నాయి. మొదటిది, జీవి కాళ్ళు తడిని తాకుతున్నాయి కాబట్టి అది గాలిలోని ఆర్ద్రతకు స్పందిస్తోందో నీటి స్పర్శకు స్పందిస్తోందో చెప్పలేం. రెండోది మరింత లోతైనది. పది జీవులను పదిహేనుసార్లు లెక్కిస్తే నూటయాభై అంకెలు వస్తాయి, కానీ అవి నూటయాభై సాక్ష్యాలు కావు. ఈ జీవులు ఒకదాన్నొకటి వెతుక్కుని గుంపుకడతాయని వార్డర్ అల్లీ 1926లోనే చూపించారు. ఒకటి ఎక్కడ ఆగితే మిగతావి అక్కడ ఆగే అవకాశం ఎక్కువ. ఆ పళ్ళెం మొత్తం గణాంక దృష్టిలో ఒకే ఒక్క పరిశీలన.

అందుకని ఇలా చేయండి. మూతగల రెండు పెట్రీ డిష్‌లను లేదా ఒకే పొడవాటి డబ్బాను తీసుకుని, అడుగున రెండు అరలు చేయండి. ఒక అరలో నీళ్ళు, మరో అరలో తేమను పీల్చుకునే సిలికా జెల్‌ను ఎండబెట్టి పోయండి. వాటికి ఒక సెంటీమీటరు పైన దోమతెర గుడ్డను బిగుతుగా కట్టి నేలగా అమర్చండి. జీవి ఈ తెరమీద నడుస్తుంది, నీటిని తాకదు. మూతపెట్టి అరగంట ఆగి, రెండు వైపులా ఆర్ద్రతను కొలిచి రాసుకోండి. మధ్యస్థ విలువలు కావాలంటే సంతృప్త లవణ ద్రావణాలు వాడవచ్చు. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద మూసిన డబ్బాలో మెగ్నీషియం క్లోరైడ్ సంతృప్త ద్రావణం గాలిని సుమారు 33 శాతం సాపేక్ష ఆర్ద్రత వద్ద, మామూలు ఉప్పు ద్రావణం సుమారు 75 శాతం వద్ద, పొటాషియం సల్ఫేట్ ద్రావణం సుమారు 97 శాతం వద్ద నిలిపి ఉంచుతాయి.

ఒక్కో పరీక్షకు ఒక్క జీవినే వదలండి. పావుగంటపాటు ప్రతి ముప్పై సెకన్లకు రెండు విషయాలు రాయండి: అది ఏ వైపు ఉంది, కదులుతోందా ఆగి ఉందా. ఇలా ఇరవై వేర్వేరు జీవులతో చేయండి. ప్రతి పరీక్ష తరువాత తెరను మార్చి లేదా ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి, ఎందుకంటే వాటి మలంలో, ఒంటి స్రావాలలో తోటి జీవులను ఆకర్షించే వాసనలు ఉంటాయి. సగం పరీక్షలలో డబ్బాను ఇటునుంచి అటు తిప్పండి. కిటికీ వెలుతురు వంటి గదిలోని తేడాలు ఆర్ద్రత ఫలితంగా కనిపించే ప్రమాదం అప్పుడు తప్పుతుంది. రెండు వైపులా ఒకే ఆర్ద్రత ఉన్న నియంత్రణ ప్రయోగం కూడా చేయాలి.

కైనెసిస్‌ను పరీక్షించే మెట్టు దీని తరువాత వస్తుంది. డబ్బా అంతా పొడిగా ఉన్నప్పుడు కొన్ని జీవులను, డబ్బా అంతా తేమగా ఉన్నప్పుడు మరికొన్నింటిని విడివిడిగా వదిలి, కదలికలో ఉన్న కాలాన్ని పోల్చండి. ఇక్కడ ఏ దిశకూ తేమ తేడా లేదు. కాబట్టి దిశను ఎంచుకునే ప్రశ్నే లేదు. అయినా పొడి డబ్బాలోని జీవులు ఎక్కువ కదిలితే ఆ తేడా కైనెసిస్ వల్లనే వచ్చిందని చెప్పగలరు. పరీక్షలన్నీ రోజులో ఒకే వేళ, ఒకే వెలుతురులో జరపండి. చీకటిలో వుడ్‌లైస్ ఆర్ద్రతకు స్పందించే తీవ్రత తగ్గుతుందని జాన్ క్లౌడ్‌స్లీ-థాంప్సన్ 1952లో ఒనిస్కస్ ఎసెల్లస్ అనే జాతి మీద చూపించారు. రాత్రివేళ అవి దాగుచోట్లు వదిలి బయట తిరగగలగడానికి ఆ మార్పు తోడ్పడుతుంది.

అయిదో అడుగు: మలుపుల ప్రయోగం

ఒకసారి కుడికి మళ్ళవలసి వచ్చిన పిల్‌బగ్ తరువాతి కూడలిలో ఎక్కువగా ఎడమకు మళ్ళుతుంది. జపాన్‌లో వతనబే, ఇవతా 1956లో ఆర్మడిల్లిడియం వల్గేర్ మీద దీన్ని అధ్యయనం చేశారు. తరువాత తోరు మోరియామా వరుస కూడళ్ళతో ప్రయోగాలు చేసి, అన్ని జీవులూ ఒకే స్థిరత్వంతో మలుపులు మార్చవని గమనించారు. అటూ ఇటూ మళ్ళుతూ పోతే మొత్తంమీద దారి నేరుగా సాగుతుంది. ఎండిపోతున్న చోటునుంచి, శత్రువు నుంచి దూరం పోవడానికి ఇది మంచి మార్గమే.

అట్టతో ఒకటింబావు సెంటీమీటరు వెడల్పున దారి చేయండి. మొదట తప్పనిసరి మలుపు, తరువాత మూడు సెంటీమీటర్ల నేరుదారి, చివర ఎటైనా మళ్ళగల కూడలి ఉండాలి. నేలగా పరిచిన కాగితపు పట్టీని ప్రతి పరీక్షకూ మార్చండి. సగం జీవులకు తప్పనిసరి మలుపు కుడికి, సగానికి ఎడమకు ఉండాలి. తప్పనిసరి మలుపే లేని నేరుదారితో నియంత్రణ ప్రయోగం చేయండి. తరువాత నేరుదారిని పది, ఇరవై సెంటీమీటర్లకు పెంచుతూ చూడండి. దూరం పెరిగేకొద్దీ మొదటి మలుపు ప్రభావం తగ్గుతుందా అన్నది అసలు ప్రశ్న.

ఎందుకు ఇలా మళ్ళుతాయన్నదానికి రెండు ముఖ్యమైన వివరణలున్నాయి. మలుపు తిరిగేటప్పుడు బయటివైపు కాళ్ళు ఎక్కువ నడవవలసి వస్తుంది. తరువాతి మలుపులో రెండోవైపు కాళ్ళు ఆ లోటును సరిచేస్తాయన్నది ఒకటి. కుడికి తిరిగిన జీవి బయటి గోడకు, అంటే ఎడమ గోడకు, ఆనుకుని నడుస్తూ సహజంగా ఎడమకే మళ్ళుతుందన్నది రెండోది. మీ నమోదులో జీవి ఏ గోడను స్పర్శశృంగంతో తాకుతూ నడిచిందో తప్పక రాయండి. దారి వెడల్పును మూడు సెంటీమీటర్లకు పెంచి, ఏ గోడనూ తాకకుండా మధ్యలో నడిచిన జీవులను విడిగా లెక్కిస్తే ఈ రెండు వివరణలను కొంతవరకు వేరుచేయగలరు. ప్రచురితమైన ప్రాజెక్టులలో చాలావాటికి ఈ ఒక్క గడి లేకపోవడం వల్ల ఎంతో శ్రమ వృథా అవుతోంది.

ఫలితాన్ని తేల్చడానికి, కుడి లేదా ఎడమ వంటి రెండే ఫలితాలున్నచోట వాడే ద్విపద పరీక్ష చాలు. ఇరవై జీవులలో పదిహేను మారుమలుపు, అంటే మొదటిదానికి వ్యతిరేక దిశలో మలుపు, తీసుకుంటే, కేవలం యాదృచ్ఛికంగా ఏదో ఒకవైపు అంత మొగ్గు వచ్చే సంభావ్యత సుమారు 0.04. పద్నాలుగే తీసుకుంటే అది సుమారు 0.12కు పెరుగుతుంది, అంటే గట్టిగా ఏమీ చెప్పలేం. పది జీవులతోనే సరిపెట్టుకుంటే తొమ్మిది ఒకేవైపు మళ్ళితే తప్ప ఆ స్థాయి నమ్మకం రాదు. ఎన్ని జీవులు కావాలో ముందే నిర్ణయించుకోండి. అనుకూల ఫలితం వచ్చేదాకా సంఖ్య పెంచుకుంటూ పోవడం గణాంకాన్ని వంచించడమే.

ఆరో అడుగు: నీటి నష్టాన్ని తూచడం

1950ల ప్రారంభంలో ఇ. బి. ఎడ్నీ చేసిన కొలతలు జాతుల మధ్య స్పష్టమైన వరుసను చూపాయి. పొడి గాలిలో ఒనిస్కస్ కంటే పోర్సెల్లియో, దానికంటే ఆర్మడిల్లిడియం నెమ్మదిగా నీటిని కోల్పోతాయి. సముద్రపు బండల మీద పరుగెత్తే లిజియా ఈ విషయంలో చాలా బలహీనం.

జీవులను ఒక రోజు ఆహారం లేకుండా తేమ అరలో ఉంచి, ఒంటిపై నీటిచుక్కలను అద్దుడు కాగితంతో తీసి తూచండి. తరువాత సిలికా జెల్ ఉన్న డబ్బాలో, తెరమీద, ఒక్కో జీవిని విడిగా ఉంచి అరగంటకోసారి తూచండి. మలం వేస్తే దాని బరువును విడిగా తూచి కలపాలి. లేకపోతే దాన్ని నీటి నష్టంగా లెక్కవేస్తారు. తొలి బరువులో పది శాతం తగ్గగానే ప్రయోగం ఆపి, జీవిని తడి అరలోకి మార్చండి. చిన్న జీవికి బరువుతో పోలిస్తే ఉపరితలం ఎక్కువ కనుక అది వేగంగా ఎండుతుంది. అందువల్ల దగ్గరదగ్గర బరువున్న జీవులనే పోల్చండి.

ఈ పద్ధతితో మంచి ప్రశ్నలు అడగవచ్చు. ఉండగా చుట్టుకుంటే నీటి నష్టం ఎంత తగ్గుతుంది? ఆర్మడిల్లిడియం వల్గేర్ మీద 2008లో ప్రచురితమైన పరిశోధన ఆ తగ్గుదల దాదాపు మూడోవంతు అని చూపింది. చుట్టుకోవడం శత్రువుల నుంచి రక్షణ మాత్రమే కాదన్నమాట. ఊపిరి పలకలున్న సన్నని అడుగుభాగం లోపలికి పోయి, గట్టి వీపు మాత్రమే గాలికి మిగులుతుంది. ఒంటరి జీవికీ, పది జీవుల గుంపులో ఉన్నదానికీ తేడా ఎంత అన్నది మరో ప్రశ్న. గుంపులో ఒక్కో జీవికి పడే నష్టం తక్కువ. నీటిని తిరిగి పొందే మార్గాలను కూడా గుర్తుంచుకోవాలి. ఇవి నోటితోనూ, వెనుక కొసన ఉన్న ఉపాంగాలతోనూ నీరు తీసుకోగలవు. అంతేకాక, ఆర్ద్రత సుమారు 90 శాతం దాటిన గాలినుంచి నీటి ఆవిరిని నేరుగా పీల్చుకోగల జాతులున్నాయని జొనాథన్ రైట్, జాన్ మాచిన్ 1990లో చూపారు. ఉదరం అడుగున గాఢమైన ద్రవాన్ని స్రవించి, అందులోకి ఆవిరి చేరేలా చేసి దాన్ని తిరిగి పీల్చుకుంటాయి.

ఏడో అడుగు: ఆకుల వినియోగం

ఎండిన ఆకులను తూచి, తడిపి, రెండు వారాలు జీవులతో ఉంచి, మిగిలినవాటిని ఎండబెట్టి తూచడం తేలిక. కానీ సూక్ష్మజీవుల వల్ల కూడా ఆకు బరువు తగ్గుతుంది. అందుకే జీవులు లేని అచ్చం అలాంటి డబ్బాలు అంతే సంఖ్యలో ఉంచి, ఆ తగ్గుదలను తీసివేయాలి. వేప, కానుగ, మామిడి ఆకులను పోల్చేటప్పుడు తాజాగా రాలినవాటినీ కొన్ని నెలలు కుళ్ళినవాటినీ విడిగా పెట్టండి. కుళ్ళిన ఆకులనే ఇవి ఎక్కువ ఇష్టపడతాయి. తమ మలాన్ని కూడా తిరిగి తింటాయి కనుక మలపు గుళికల లెక్క తిన్న మొత్తానికి నమ్మదగిన కొలత కాదు.

ఈ సందర్భంలో ఒక విషయం స్పష్టం చేయాలి. పిల్‌బగ్‌లు మట్టిలోని భారలోహాలను తొలగించి నేలను శుభ్రపరుస్తాయని ఇంటర్నెట్‌లో విరివిగా రాస్తున్నారు. అవి రాగి, జింకు, కాడ్మియం, సీసాలను హెపాటోపాంక్రియాస్ అనే జీర్ణగ్రంథి కణాలలో పోగుచేసుకుని బతకగలవన్నది నిజం. ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ దగ్గరి ఏవన్‌మౌత్ జింకు కర్మాగారం చుట్టుపక్కల స్టీవ్ హాప్కిన్ చేసిన పరిశోధనలు దీన్ని వివరంగా చూపాయి. అయితే ఆ జీవి చనిపోతే లోహం మళ్ళీ మట్టికే చేరుతుంది, దాన్ని పక్షి తింటే పక్షికి చేరుతుంది. వీటిని కాలుష్యానికి సూచికలుగా వాడవచ్చు, శుద్ధి యంత్రాలుగా కాదు. లోహ లవణాలతో ప్రయోగాలు ఇంట్లో చేయవద్దు. ప్రయోగశాలలో, వ్యర్థాలను సరిగా పారవేసే ఏర్పాటు ఉన్నచోటే చేయాలి.

ఎనిమిదో అడుగు: లోపలి అతిథులను లెక్కలోకి తీసుకోవడం

సేకరించిన వాటిలో నీలం లేదా ఊదా రంగులో మెరిసే జీవి కనిపిస్తే అది అరుదైన జాతి కాదు. ఇరిడోవైరస్ కణాలు కణజాలంలో స్ఫటికాల్లా వరుసలుగా పేరుకుని కాంతిని ఆ రంగులో ప్రతిఫలిస్తాయి. అలాంటిదాన్ని వెంటనే వేరుచేయండి. సాధారణంగా అది బతకదు. ప్రవర్తనను మార్చే పరాన్నజీవులూ ఉన్నాయి. అమెరికాలో జానిస్ మూర్ 1983లో ప్రచురించిన పరిశోధనలో, ముళ్ళతల పురుగు సోకిన పిల్‌బగ్‌లు తేమ తక్కువ ఉన్న చోట్లలో, బయలుగా ఉన్న లేత రంగు నేలమీద ఎక్కువసేపు గడిపాయి. వాటిని తినే స్టార్లింగ్ పక్షుల్లోనే ఆ పురుగు ఎదిగి గుడ్లు పెడుతుంది. మీ ఆర్ద్రత ప్రయోగంలో ఒకటి రెండు జీవులు మిగతావాటికి పూర్తి విరుద్ధంగా నడుచుకుంటే వాటి అంకెలను కొట్టివేయవద్దు. అలాగే ఉంచి, విడిగా పేర్కొనండి.

అన్నిటికంటే ఆశ్చర్యకరమైన అతిథి వోల్బాకియా అనే బాక్టీరియా. ఆర్మడిల్లిడియం వల్గేర్‌లో రెండు జెడ్ క్రోమోజోములున్నవి మగవి, జెడ్, డబ్ల్యు ఉన్నవి ఆడవి. తల్లి గుడ్ల ద్వారా వోల్బాకియా సంక్రమిస్తే, పుట్టుకతో మగ కావలసిన జీవులు ఆడవిగా ఎదుగుతాయి. ఫ్రాన్స్‌లోని పొయిటియే విశ్వవిద్యాలయ పరిశోధకులు దశాబ్దాలుగా దీనిమీద పనిచేస్తున్నారు. వోల్బాకియా జన్యుపదార్థంలోని పెద్ద ముక్క ఒకటి ఈ జీవి క్రోమోజోములో చేరి, దాదాపు కొత్త లింగ క్రోమోజోములా పనిచేస్తోందని 2016లో వారు ప్రకటించారు. ఒక జీవి లింగాన్ని బాక్టీరియా నుంచి వచ్చిన భాగం నిర్ణయించడం జీవశాస్త్రంలో అందరూ తెలుసుకోవలసిన సంగతి.

దీనిపై డిగ్రీ స్థాయిలో చేయదగిన పని ఉంది. మూడో మెట్టులో వేరుచేసిన గర్భిణులను ఒక్కొక్కదాన్ని ఒక్కో డబ్బాలో ఉంచి, పిల్లలు వెలువడిన తరువాత తల్లిని తీసివేసి, పిల్లలను కొన్ని నెలలు పెంచి లింగ నిష్పత్తిని లెక్కించండి. ఒక తల్లి పిల్లలు ఒక పరిశీలన. దాదాపు అందరూ ఆడపిల్లలైన సంతానం కనిపిస్తే వోల్బాకియాను అనుమానించవచ్చు. నిర్ధారణకు ఆ బాక్టీరియా ఉపరితల ప్రొటీను జన్యువైన డబ్ల్యుఎస్‌పిని, డీఎన్ఏ ముక్కకు అనేక నకళ్ళు తీసి గుర్తించే పీసీఆర్ పద్ధతి ద్వారా వెతకాలి. ఆ సదుపాయం ఉన్న కళాశాల లేదా విశ్వవిద్యాలయ విభాగాన్ని ముందే అడిగి, నమూనాలను శుద్ధ ఆల్కహాల్‌లో భద్రపరచండి. ఆడవి వీర్యాన్ని నిల్వచేసుకుని తరువాతి కాన్పులకు కూడా వాడుకోగలవు కాబట్టి, తండ్రి ఎవరో తెలియవలసిన ప్రయోగమైతే మగవాటినుంచి చిన్ననాడే వేరుచేసి పెంచిన ఆడవాటినే వాడాలి. చనిపోయిన పిల్లల సంఖ్యను కూడా రాయండి, ఎందుకంటే మగపిల్లలే ఎక్కువగా చనిపోయినా నిష్పత్తి అలాగే వంగి కనిపిస్తుంది.

తొమ్మిదో అడుగు: నివేదిక, ఆ తరువాత

నివేదికలో జీవుల సంఖ్యనూ పరిశీలనల సంఖ్యనూ వేర్వేరు గడులలో చూపండి. ప్రతి పరీక్షకు తేదీ, వేళ, గది ఉష్ణోగ్రత, రెండు వైపుల ఆర్ద్రత ఉండాలి. పక్కకు పెట్టిన జీవులెన్ని, ఏ కారణంతో పెట్టారో చెప్పాలి. సగటుతో సరిపెట్టకుండా ప్రతి జీవి విలువనూ చుక్కగా చూపే పటం గీస్తే, చదివేవారు వాటి మధ్య తేడాలను స్వయంగా చూడగలరు. ఏ తేడా లేదని తేలిన ప్రయోగాన్ని కూడా అంతే వివరంగా రాయండి.

పని పూర్తయ్యాక ఆరోగ్యంగా ఉన్న జీవులను సాయంత్రం వేళ, సేకరించిన చోటనే, తేమ ఉన్న ఆకుల కింద వదలండి. అంగట్లో కొన్న విదేశీ రకాలను, రసాయనాలు తగిలినవాటిని, నీలిరంగు కనిపించిన డబ్బాలోని వాటిని మాత్రం బయట వదలకూడదు. వాటిని ఫ్రీజర్‌లో ఉంచి చంపిన తరువాతే, ఆ డబ్బాలోని మట్టిని బాగా మరిగించిన తరువాతే పారవేయాలి.